లప్పం కింద పగులు

ఆదిలాబాద్ నల్లరేగడిలో ఇల్లు కట్టుకున్నవాణ్ణి. ఆ నేల గుణం తెలియనివాణ్ణి కాను. ఎండాకాలం పత్తి చేలల్లో చెయ్యి దూరేంత నెర్రెలు చూస్తూ పెరిగాను. అయినా నేల పరీక్షకు డబ్బు దండగనుకున్నాను. ఆ డబ్బు ముందు గోడ టైల్స్‌కు పెట్టాను.

బేస్‌మెంట్ నుంచి కిటికీ మూల దాకా ఏటవాలు పగులు వచ్చింది. నిండు మే నెలలో అందులో సిమెంటు కుక్కించి, లప్పం పెట్టించి, రంగు వేయించాను. చుట్టాలకు కనబడకపోతే చాలనుకున్నాను. నా మూర్ఖత్వమంతా ఆ ఆలోచనలోనే ఉంది. వానలు పడగానే పక్కన గిలాబు పెచ్చులుగా ఊడింది. మేస్త్రీ మీద మండిపడ్డాను.

"సార్, గోడకేం రోగం లేదు. మీ బాత్రూం నీళ్లు ఏడికి పోతున్నయో సూడుండ్రి" అన్నాడాయన.

పునాది పక్కనే ఇంకుతున్నాయి. అక్కడ రేగడి ఏడాదంతా తడిసి ఉబ్బే ఉంది. రెండో మూలన వేపచెట్టు వేళ్లు తడి పీల్చేయడంతో ఎండల్లో నేల కుంగి, పగులు విచ్చుకునేది. వానలకు ఆ మూల మళ్లీ లేచేది. అప్పుడు దగ్గరపడాల్సిన పగులుకు నేను కుక్కిన సిమెంటే అడ్డం నిలిచింది.

పునాది కింద నీరు పెద్ద కట్టడాలనూ వదలదు. 2023 అక్టోబర్ 21న గోదావరి మీది మేడిగడ్డ బరాజ్ ఏడో బ్లాకు కుంగింది. పునాది కింది ఇసుక నీటితో కొట్టుకుపోవడం కారణాల్లో ఒకటి కావచ్చని నేషనల్ డ్యామ్ సేఫ్టీ అథారిటీ చెప్పింది. అక్కడ ఇసుక, ఇక్కడ రేగడి. పగిలిన కాంక్రీటును కాదు, దాని కింద నీటి దారిని ముందు చూడాలని ఆ వార్త చదివాక నా మనసులో బలంగా నాటుకుంది.

నీళ్లను పైపుతో దూరం పంపించాం. ఇంటి చుట్టూ బయటికి వాలుగా కాంక్రీటు పరిచాం. పగులుకు అడ్డంగా గాజు ముక్క అతికించాం. వాన, ఎండ రెండూ దాటి అది విరగకుంటే కదలిక ఆగినట్టు. అప్పుడు ఎపాక్సీ ఎక్కించవచ్చు. విరిగితే సాగే సీలెంటే వాడాలి, సిమెంటు పనికిరాదు.

రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థ ఇలాంటి నేలల కోసమే అడుగున గుండ్రంగా ఉబ్బిన పైల్ పునాదులను రూపొందించింది. తడి పెద్దగా మారని లోతుకు, సుమారు 3.5 మీటర్ల దాకా వాటిని దించుతారు. కట్టకముందే అడిగి ఉంటే ఎవరైనా చెప్పేవారు.

రేగడిలో కట్టబోయేవారు టైల్స్ ఎంచుకునే ముందు నేల పరీక్ష చేయించండి. కట్టేసినవారు సిమెంటు బస్తా తెచ్చే ముందు ఇంటి చుట్టూ తిరిగి, నీళ్లెక్కడ నిలుస్తున్నాయో చూడండి.