టికెట్ క్లోజయింది, నీళ్లు మాత్రం కారుతున్నాయి

అపార్ట్‌మెంటు మేనేజర్లకు కూడా ఇప్పుడు లీడర్‌షిప్ క్లాసులట. మా అన్నయ్య కొడుకు కోకాపేట వైపు ఒక పెద్ద గేటెడ్ కమ్యూనిటీకి ఎస్టేట్ మేనేజరు. మొన్న అలాంటి కోర్సుకి వెళ్లొచ్చి నాకు పాఠం మొదలెట్టాడు. తెల్లవారుజామున లేవాలి. మొదటి గంట ఫోను ముట్టుకోకూడదు. రోజును ముక్కలు చేసి ఒక్కో ముక్కకి ఒక్కో పని కేటాయించాలి. అర్జెంటు పనులు ఒక గడిలో, ముఖ్యమైనవి ఇంకో గడిలో రాసుకోవాలి. చివర్లో "బాబాయ్, లీడరనేవాడు పని చెయ్యడు, చేయిస్తాడు" అని ముక్తాయింపు.

మొదటి గంట ఫోను ముట్టుకోడట! కొళాయిలో నీళ్లు రావడం లేదని జనానికి తెలిసేదే ఆ గంటలో కదరా అన్నాను. పది టవర్ల వాళ్లు నోట్లో బ్రష్షు పెట్టుకుని కొళాయి తిప్పే వేళకి మేనేజరు కళ్లు మూసుకుని ధ్యానంలో ఉంటే, ఆ కోర్సు చెప్పినాయనకి ఫోన్ చెయ్యాలా? "మీ కాలం వేరు బాబాయ్" అన్నాడు. వేరే. కాదని ఎవరన్నారు?

మా రోజుల్లో, అంటే కృష్ణా నీళ్లు ఇంకా హైదరాబాదుకు రాని కాలంలో, నేను ఎస్సార్ నగర్‌లో ఒక నలభై ఫ్లాట్ల బిల్డింగుకి సూపర్‌వైజర్ని. మంజీరా నీళ్లు రోజు విడిచి రోజు వచ్చేవి. ఏ వేళకి వస్తాయో వాటర్‌వర్క్స్ లైన్‌మన్‌కే ఎరుక. ఆయన వాల్వు తిప్పే కడ్డీ భుజాన వేసుకుని వీధి మలుపు తిరగగానే మా వాచ్‌మన్ పెళ్లాం టీ గ్లాసుతో ఎదురెళ్లేది. సంపులో ఎన్ని నీళ్లున్నాయో చూడ్డానికి అడుగడుక్కీ ఎర్ర రంగు గీత పెట్టిన వెదురు కర్ర ఉండేది. పొద్దున సంపు మూత తీసి కర్ర ముంచడం, డాబా ఎక్కి ట్యాంకులోకి తొంగిచూడడం, దిగొచ్చి బోరు ప్యానెల్ దగ్గర నిలబడడం. అదే నా మొదటి గంట.

ప్యానెల్ మీద ఆంపియర్ల మీటరు ఉంటుంది. బోరు మోటారు ఆన్ చేసి, అది నిలకడకు వచ్చాక ముల్లు ఎక్కడుందో నోటుబుక్కులో రాసేవాణ్ణి. మామూలుగా ఉండే చోటు కన్నా ముల్లు కిందికి జారితే బోరులో నీటిమట్టం పడిపోతోందని, పంపు గాలి లాగుతోందని లెక్క. పైకి ఎగబాకితే వోల్టేజీ అయినా తగ్గి ఉండాలి, లోపల ఏదో పట్టేస్తూ అయినా ఉండాలి. ఒక్కరోజు అంకె చూస్తే ఏమీ తెలీదు. నెలలు నెలలు వరసగా రాస్తేనే అది మాట్లాడుతుంది. ఎండాకాలం ముదరకముందే ముల్లు జారడం చూసి, ఈసారి బోరు చేతులెత్తేస్తుందని సెక్రటరీ గారికి చెప్పేవాణ్ణి. పక్క బిల్డింగుల వాళ్లు ట్యాంకర్ల కోసం క్యూ కట్టే నాటికి మాకు బుకింగు అయిపోయి ఉండేది. నన్ను ప్రొయాక్టివ్ అని ఎవరూ పొగడలేదు. ఎప్పుడూ గొణుగుతాడు గానీ పని తెలిసినవాడు అనేవారు, అంతే.

ఇప్పుడు సెన్సర్లున్నాయి. సంపు మట్టం ఫోన్లోనే కనిపిస్తుంది. మంచిదే, నా మోకాళ్లు కూడా సంతోషిస్తాయి. కానీ ఆ మధ్య మావాడి కమ్యూనిటీకి వెళ్లినప్పుడు మురుగునీటిని శుద్ధి చేసే ఎస్టీపీ లాగ్‌బుక్ తిరగేశాను. పీహెచ్ కాలమ్‌లో నెలంతా 7.2. ఆదివారం 7.2, దసరా నాడు 7.2, కుండపోత వాన పడి మురుగంతా పలచబడ్డ రోజూ 7.2. ఆపరేటరు నెలాఖరున ఒక్క కూర్చుడు కూర్చుని నింపేశాడన్నమాట. మావాడు ఆ కాగితాల్ని ప్రతినెలా స్కాన్ చేసి కమిటీకి పంపుతున్నాడు, అందులోంచి రంగురంగుల గ్రాఫు కూడా గీయిస్తున్నాడు. ఆ గ్రాఫు తిన్నగా గీత గీసినట్టుంటే "స్టేబుల్‌గా ఉంది" అని మెచ్చుకున్నారట!

పదరా అని ప్లాంటు దగ్గరికి లాక్కెళ్లాను. లీటరు గాజు సిలిండర్ తెప్పించి, ఏరేషన్ ట్యాంకులోని నీటితో నింపి, కదపకుండా అరగంట పెట్టించాను. బురద మెల్లగా అడుక్కి దిగి, పైన తేట నీరు తేలాలి. ఆ మడ్డి సిలిండర్లో మూడో వంతు దరిదాపుల్లో ఆగి, ముదురు గోధుమ రంగులో ఉండి, తడిసిన మట్టి వాసన వస్తే ప్లాంటు ఆరోగ్యంగా ఉన్నట్టు. మావాడి సిలిండర్లో అడుగున వేలెడు మడ్డి కూడా లేదు. ఉన్నదీ నల్లగా, ముక్కు మూసుకునేలా. ట్యాంకులోకి గాలి ఊదే బ్లోయరు రాత్రిళ్లు ఆపేస్తున్నారని అప్పుడు బయటపడింది. కరెంటు బిల్లు తగ్గించాలని ఎవరో మీటింగులో అన్నారట, దాన్ని ఆపరేటరు చెవిన వేసుకున్నాడు. గడులు గీసుకున్న కుర్రాడు ఆ వాసన ముందు నిలబడి నీళ్లు నమిలాడు.

ఇక టికెట్ల సంగతి. మా కాలంలో కంప్లయింటు పుస్తకం ఒకటి వాచ్‌మన్ గది బయట మేకుకి వేలాడేది. పని అయ్యాక ఫ్లాటు వాళ్లే అందులో సంతకం పెట్టాలి. పెట్టకపోతే అది అలాగే ఉండి నన్ను రోజూ వెక్కిరించేది. ఇప్పుడు యాప్‌లో కంప్లయింటు ఇస్తే టికెట్ పుడుతుంది. దాన్ని ఎన్ని గంటల్లో మూశారనేదే మేనేజరు ప్రతాపం. మూసేది ఎవరయ్యా అంటే మేనేజరు టీమే.

మావాడి దగ్గరే నాలుగో అంతస్తులో ఒకావిడ బాత్రూం సీలింగు కారుతోందని టికెట్ ఇచ్చింది. హౌస్‌కీపింగ్ కుర్రాడు వెళ్లి తుడిచి, ఫోటో తీసి, క్లోజ్. మళ్లీ ఇచ్చింది. ఈసారి వైట్ సిమెంటు పట్టించి, ఫోటో తీసి, క్లోజ్. మూడోసారి ఇస్తే "ఫ్లాటు లోపలి పని, అసోసియేషన్ పరిధిలోకి రాదు" అని రాసి క్లోజ్. ఆ నెల రిపోర్టులో మూడు టికెట్లూ గడువులోపే పూర్తయ్యాయి!

నేను ఆవిణ్ణి అడిగింది ఒకటే ప్రశ్న. "అమ్మా, అర్ధరాత్రి కూడా చుక్కలు పడతాయా?" "లేదంకుల్, పైవాళ్లు స్నానాలు చేసిన కాసేపటికి మొదలవుతాయి" అంది. సగం రోగం అక్కడే తేలిపోయింది. నీళ్లొచ్చే పైపు పగిలితే, అందులో ఎప్పుడూ ఒత్తిడి ఉంటుంది గనుక, రాత్రీ పగలూ కారుతుంది. వాడినప్పుడే కారిందంటే నీళ్లు పోయే దారిలో, నహానీ ట్రాప్ చుట్టూ, తేడా ఉన్నట్టు. పైకి వెళ్తే ఆ ఇంటాయన గుమ్మంలోనే అడ్డంగా నిలబడి "మా ఫ్లోరింగు ఇటాలియన్ మార్బులు, మా దగ్గర లీకేజీ ఏమిటి?" అన్నాడు. కాసేపు వాళ్లబ్బాయి చదువు గురించి మాట్లాడి, మంచినీళ్లడిగి తాగి, ఆ తర్వాత బాత్రూంలోకి వెళ్లి, ట్రాపుకి గుడ్డ కుక్కి, ఎర్ర ముగ్గురంగు కలిపిన నీళ్లు నిలగట్టాను. ఆయన్ని కిందికి తీసుకొచ్చి కూర్చోబెట్టాను. కింది సీలింగు నుంచి గులాబీ రంగు చుక్క రాలి పడ్డాక ఇక వాదన ఏముంది? మర్నాడు ప్లంబరుకి తనే ఫోన్ చేశాడు. యాప్‌లో దీనికి ఏ గడి ఉందో నాకు తెలీదు.

ఫైర్ పంపు గురించి రెండు ముక్కలు చెప్పి వదిలేస్తాను, లేకపోతే బీపీ పెరుగుతుంది. ప్యానెల్ మీద సెలెక్టర్ స్విచ్ ఆటోలో ఉండాలి. లైన్లో ఎక్కడో చిన్న లీకేజీ ఉండి, ప్రెషర్ నిలబెట్టే చిన్న జాకీ పంపు మాటిమాటికీ ఆన్ అవుతోందని ఎవడో దాన్ని మాన్యువల్‌లో పెడతాడు, అది అలాగే ఉండిపోతుంది. వారానికోసారి టెస్ట్ వాల్వు తిప్పి ప్రెషర్ ముల్లు పడుతూ ఉంటే జాకీ పంపు దానంతటది లేచిందా, ఇంకా పడితే మెయిన్ పంపు లేచిందా అని అక్కడ నిలబడి చూసుకోవాలి. పదినిమిషాల పని. క్యాలెండర్‌లో దానికి ముక్క కొయ్యమన్నాను మావాణ్ణి.

అయితే పాతకాలమంతా బంగారమని నేను అనను. వాచ్‌మన్ అంటే పాలమూరు నుంచో శ్రీకాకుళం నుంచో వచ్చిన ఒక కుటుంబం. మెట్ల కింద గదిలో నలుగురు ఒదిగి పడుకునేవారు. డ్యూటీకి వేళాపాళా లేదు. సెలవు లేదు, పీఎఫ్ లేదు. అతను అన్ని ఫ్లాట్ల గుట్టూ తెలిసిన మనిషి, బిల్డింగుకి ప్రాణం. కానీ ఆ ప్రాణానికి మేమిచ్చిన జీతం తలుచుకుంటే గొప్పలు చెప్పుకోబుద్ధి కాదు. డ్రైనేజీ గుంత పూడితే మనిషికి తాడు కట్టి దింపడం కూడా ఊళ్లో మామూలు విషయంగా జరిగిపోయేది. 2013లో చట్టం వచ్చి, రక్షణ లేకుండా మనుషుల్ని మురుగు గుంతల్లోకి దించడం నేరమైంది. ఈ విషయంలో మావాడు నాకన్నా మొనగాడు. ఒకసారి కమిటీ పెద్దమనిషి "మెషీన్‌కి అంత ఖర్చెందుకు, ఎవణ్ణో ఒకణ్ణి దింపెయ్" అంటే, "నా ఉద్యోగం పోయినా దింపను సార్" అని ఆ రాత్రే జెట్టింగ్ మెషీన్ తెప్పించాడు. దానికి ఏ గడులూ గియ్యలేదు వాడు.

గార్డుల విషయంలో మాత్రం వాడి పాఠం చెల్లదు. వాళ్లంతా ఏజెన్సీ మనుషులు. ఒడిశా నుంచి, బీహార్ నుంచి, అస్సాం నుంచి వచ్చి పన్నెండు గంటల షిఫ్టు నిలబడతారు, పేరు నోటికి పట్టే లోపే మారిపోతారు. "టీమ్ మోటివేషన్" అని శనివారం సమోసాలు పెట్టి గ్రూప్ ఫోటో తీస్తున్నాడు మావాడు. ఒరే, సమోసా సంగతి తర్వాత, నెలకు 21,000 లోపు జీతగాళ్లకు ఈఎస్ఐ ఉండాలి కదా, ఏజెన్సీ వాడు నిజంగా కడుతున్నాడా, వాళ్ల చేతికి కార్డులొచ్చాయా అన్నాను. బిల్లుతో పాటు చలానా జతచేస్తేనే చెక్కు రాయమన్నాను. పోయిన నెల అడిగాడట. ఏజెన్సీ వాడు వారం రోజులు ఫోన్ ఎత్తలేదట!

పుస్తకజ్ఞానం వద్దని కూడా అనను. మా కాలంలో 1987 నాటి అపార్ట్‌మెంట్ల చట్టం ఒకటుందనే సెక్రటరీలకు తెలీదు. ఇప్పటి మేనేజరుకి రెరా చట్టం తెలియాలి, బిల్డింగ్ చేతికిచ్చిన ఐదేళ్లలోపు నిర్మాణ లోపం బయటపడితే బిల్డరే బాగుచెయ్యాలన్న సంగతి తెలియాలి, నెల మెయింటెనెన్స్ 7,500 దాటితే జీఎస్టీ ఎక్కడ తగులుతుందో తెలియాలి. 2021లో నెలకు 20 వేల లీటర్ల ఉచిత నీటి పథకం వచ్చినప్పుడు ఫ్లాటు ఫ్లాటుకీ ఆధార్ లింకు చేయించాలంటే నేనైతే చెప్పులరిగేలా తిరిగేవాణ్ణి. మావాడు ఫోన్లోనే సగం ముగించాడు. ఒప్పుకుంటాను.

కానీ ఫ్లాట్ల వాళ్ల వాట్సాప్ గ్రూపు ఉంది చూశారూ, అది మాత్రం నా వల్ల కాదు. మా కాలంలో సెక్రటరీ ఒక్కడే. ఆయన మాటే మాట. నోటీసు బోర్డు మీద బకాయిదార్ల పేర్లు పెడితే సాయంత్రానికి డబ్బులొచ్చేవి. ఇప్పుడు ప్రతి ఫ్లాటులో ఒక ప్రెసిడెంటే. లిఫ్టులో కుక్క ఎక్కడం మీద అర్ధరాత్రి దాకా చర్చ. మేనేజరు పగలు తిరగాల్సిన తిరుగుడంతా వేళ్లతో టైపు చేస్తూ తీర్చుకుంటున్నాడు.

నేనిప్పుడు మియాపూర్‌లో ఉంటున్న బిల్డింగులో ఈ ఆదివారం జనరల్ బాడీ. అజెండాలో మొదటి అంశం క్లబ్‌హౌస్ గోడకి ఏ రంగు వెయ్యాలని. నేను ఏఆర్‌డీ బ్యాటరీ సంగతి అడుగుతాను. కరెంటు పోగానే లిఫ్టుని దగ్గరి అంతస్తుకి చేర్చి తలుపు తెరవాల్సింది అదే. నెలకోసారి మెయిన్ ఆపి పరీక్షించాలి. మా లిఫ్టు మొన్న కరెంటు పోతే రెండో అంతస్తుకీ మూడో అంతస్తుకీ మధ్య బిగుసుకుంది. మేనేజర్ని పట్టుకుని అడిగితే, చాలా మర్యాదగా నవ్వి, "యాప్‌లో టికెట్ రెయిజ్ చెయ్యండంకుల్" అన్నాడు.