ఉద్యోగార్థి తన వివరాలను సమగ్రంగా అప్పగించే పద్ధతి

ఉద్యోగం కోరేవారు తమ గురించి యజమానికి తెలియనిది ఏదీ మిగలకుండా చూసుకోవడం దరఖాస్తు విద్యలో మొదటి సూత్రం. బ్యాంకు పరీక్షల శిక్షణకు పేరుపొందిన నంద్యాలలో గణితం, రీజనింగ్, ఇంగ్లీషు నేర్పే కేంద్రాలకు కొదవ లేకపోయినా, ఈ సూత్రాన్ని పాఠంగా చెప్పే కేంద్రం కానరానందున, అక్కడి అభ్యర్థులకూ, ఆళ్లగడ్డ నుంచి బస్సులో వచ్చిపోయేవారికీ ఉపకరించేలా దాని విధివిధానాలను ఇక్కడ క్రోడీకరించడమైనది.

ముందుగా శరీరాన్ని అప్పగించాలి. ప్రభుత్వ రంగ బ్యాంకుల తరఫున నియామక పరీక్షలు జరిపే సంస్థ అయిన ఐబీపీఎస్, దరఖాస్తుతోపాటు ఫొటో, సంతకం, ఎడమ బొటనవేలి ముద్ర, స్వదస్తూరితో రాసిన ధ్రువీకరణ అడుగుతుంది; పరీక్షా కేంద్రంలో మళ్లీ వేలిముద్రో, కనుపాప చిత్రమో తీసుకుంటారు. ఒకరి బదులు మరొకరు పరీక్ష రాయకుండా చూడటమే దీని ఉద్దేశం కనుక ఇంతవరకు ఆక్షేపించవలసింది లేదు. అయితే ఆళ్లగడ్డ శిల్పుల ఇళ్ల నుంచి వచ్చే అభ్యర్థి, రాతిపనిలో వేలి గీతలు అరిగితే యంత్రం తనను గుర్తించకపోవచ్చు కనుక, కులవిద్య మీద ఎంత మక్కువ ఉన్నా ఫలితాలు వచ్చేవరకు ఉలి ముట్టకపోవడం శ్రేయస్కరం. శిల్పశాలలో చెక్కిన విగ్రహాన్ని చూసి పని ఇస్తారే తప్ప చెక్కినవాడి కనుపాపను చూడరు. ఎంత వెనుకబాటుతనమో వేరే చెప్పనక్కర్లేదు.

తరువాతిది నెట్ సెంటర్. ఆధార్, పాన్, మార్కుల జాబితాలను అక్కడి కంప్యూటర్‌లోకి దించి, ప్రింటు తీయించి, దించిన ఫైళ్లను అక్కడే వదిలి రావడం స్థానిక మర్యాద. ఆధార్ ప్రాధికార సంస్థ బెంగళూరు కార్యాలయం 2022 మే 27న, ఆధార్ నకళ్లను ఎవరికి పడితే వారికి ఇవ్వవద్దనీ, చివరి నాలుగు అంకెలు మాత్రమే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ వాడుకోవచ్చుననీ, నెట్ సెంటర్లలో దించిన ప్రతులను పూర్తిగా తొలగించాలనీ హెచ్చరించింది. ప్రజలు అపార్థం చేసుకునే అవకాశం ఉందంటూ కేంద్రం రెండు రోజులకే దానిని ఉపసంహరించింది. కనుక అభ్యర్థి ఆ రెండు రోజులను మినహాయించి మిగిలిన కాలమంతా నిశ్చింతగా ఉండవచ్చు.

అసలు కిటుకు అప్పుల వద్ద ఉంది. తీసుకున్న రుణాలను వ్యక్తి ఎలా తీర్చాడో లెక్కగట్టి, 300 నుంచి 900 మధ్య ఒక సంఖ్యగా చూపేదే సిబిల్ స్కోరు. రుణం ఇవ్వవచ్చో లేదో తేల్చుకోవడానికి పుట్టిన ఈ సంఖ్యను బ్యాంకులు ఇప్పుడు ఉద్యోగం ఇవ్వవచ్చో లేదో తేల్చడానికీ చూస్తున్నాయి. సిబిల్ నివేదిక ప్రతికూలంగా ఉందని ఒక అభ్యర్థి నియామకాన్ని స్టేట్ బ్యాంకు రద్దుచేయగా, 2025లో మద్రాసు హైకోర్టు దానిని సమర్థించింది. ప్రజల సొమ్ముతో వ్యవహరించేవారికి ఆర్థిక క్రమశిక్షణ ఉండాలన్నది అందులోని తర్కం. పని లేక వాయిదా కట్టలేకపోయినవాడు, వాయిదా కట్టలేదు కనుక పనికి అనర్హుడవుతాడు. ఈ చిక్కు తప్పాలంటే అభ్యర్థి ఉద్యోగం వచ్చిన తరువాతే చదువుకోవాలి, లేదా కోచింగ్ ఫీజుకూ హాస్టల్ ఖర్చుకూ అప్పు అవసరం లేని ఇంట పుట్టాలి. నూటికి రెండు రూపాయల వడ్డీకి ఊళ్లో తెచ్చిన బాకీ ఏ సంస్థ పుస్తకాల్లోకీ ఎక్కదు కనుక, అది ఇల్లు గుల్ల చేసినా స్కోరుకు ఢోకా ఉండదు. దీనిని సిఫారసు చేయడం ఈ మార్గదర్శిక ఉద్దేశం కాదు. గమనించమని మాత్రమే మనవి.

మహిళలు చెప్పవలసినవి ఇంకా ఉండేవి. జీవిత బీమా సంస్థ నియామక సమయంలో నింపించే ధ్రువీకరణ పత్రంలో నెలసరి క్రమం, గర్భధారణల సంఖ్య వంటివి అడగగా, ఆ ప్రశ్నలను తొలగించడం మంచిదని సుప్రీంకోర్టు 1991లో సూచించింది. ఉద్యోగ దరఖాస్తుకూ ఆసుపత్రి చీటీకీ మధ్య ఉండవలసిన తేడాను అత్యున్నత న్యాయస్థానమే చెప్పవలసి వచ్చింది.

ఉద్యోగం వచ్చాక శ్రమ తగ్గుతుందనుకోవడం పొరపాటు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2022 ఆగస్టులో ఉపాధ్యాయులు తమ సొంత ఫోన్లలో యాప్ వేసుకొని ముఖం చూపి హాజరు నమోదు చేయాలని ఆదేశించినప్పుడు ఉపాధ్యాయ సంఘాలు అభ్యంతరం చెప్పాయి. తనపై నిఘాకు కావలసిన కెమెరాను, దానికి నెలనెలా డేటా ప్యాకును ఉద్యోగే జీతంలోంచి కొనుక్కోవడంలోని ఔచిత్యం వారికి బోధపడినట్టు లేదు.

ఇక చట్టం. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం, సమ్మతి స్వేచ్ఛగా, షరతులు లేకుండా, అవసరమైన వివరాలకే పరిమితమై ఉండాలని ఎంతో అందంగా నిర్వచించి, ఆ వెంటనే ఏడో సెక్షన్‌లో ఉద్యోగ ప్రయోజనాల కోసమైతే ఆ సమ్మతే అక్కర్లేదని వెసులుబాటు ఇచ్చింది. డేటాకు తగిన భద్రత కల్పించని సంస్థకు 250 కోట్ల రూపాయల వరకు, ఉత్తుత్తి ఫిర్యాదు చేసిన వ్యక్తికి 10,000 రూపాయల వరకు జరిమానా విధించవచ్చు. 2025 నవంబరులో వెలువడిన నిబంధనలు, సంస్థల ప్రధాన బాధ్యతలు అమలులోకి రావడానికి 18 నెలల గడువిచ్చాయి. అందాకా అభ్యర్థులు ప్రతి పత్రానికీ రెండు జిరాక్సులు అదనంగా తీయించి దగ్గర ఉంచుకోవలసిందిగా కోరడమైనది.