మతి ఉన్నవాళ్లు

తాడేపల్లిగూడెంలో ఎక్కిన ఎన్ఐటీ కుర్రాడు పెద్దాయన పక్కన కూలబడ్డాడు. చెవుల్లో మోగుతున్న గిటారు రొద బయటికే వినబడుతోంది.

"ఏం పాట బాబూ అది? గోలగోలగా ఉంది."

"మెటాలికా అండి. పేరు 'శానిటేరియం'. 1986లో వచ్చింది. పిచ్చాసుపత్రిలో బంధించినవాడి గోడు."

ఆ పాటకి మూలం కెన్ కెసీ 1962లో రాసిన నవల అన్నాడు కుర్రాడు. కెసీ అలాంటి ఆసుపత్రిలో రాత్రి డ్యూటీలు చేసినవాడే. కథానాయకుడికి పిచ్చేమీ ఉండదు. జైలు చాకిరీ తప్పించుకుందామని నటించి అందులో పడతాడు. ఎదురు తిరిగినందుకు మెదడు కోసి జీవచ్ఛవాన్ని చేస్తారు. 1975లో సినిమాగా తీస్తే ఐదు ఆస్కార్లు వచ్చాయి. అందులో పెద్ద డాక్టరు వేషం వేసింది సినిమా తీసిన ఆసుపత్రి అసలు సూపరింటెండెంటే!

"మతి ఉన్నవాణ్ని పట్టుకుని... ఎంత పాపం!" పెద్దాయన కళ్లు చెమర్చాయి. "మనకీ ఉంది బాబూ, 'చివరకు మిగిలేది', 1960. పేరు మన ఏలూరు బుచ్చిబాబు గారి నవలది, కథ బెంగాలీది. నర్సు సావిత్రి ప్రేమ నటించి రోగిని బాగుచేసి, ఆఖరికి తనే ఆ ఆసుపత్రిలో రోగి అవుతుంది. ఎన్నిసార్లు చూసినా ఏడుపాగదు."

(మా జిల్లాలో సినిమా చూసి ఏడవని మగాడు లేడు. ఒప్పుకునేవాడే అరుదు.)

బండి భీమడోలు దాటింది.

"ఏలూరులో పనాండీ?"

"కోర్టుకి. కొల్లేరు పక్కన చేపల చెరువులున్నాయి. 2006లో గట్లు కొట్టేసినప్పుడు కూడా ఐదో కాంటూరు పైన ఉండబట్టి బతికాయి. ఇప్పుడు మా చెల్లెలు వాటా అడుగుతోంది."

"ఇవ్వాలేమోనండీ?"

"ఆడపిల్లలకీ ఆస్తిలో వాటా అన్న రామారావు గారి చట్టం. దాని పెళ్లి ఆ చట్టం అమల్లోకి వచ్చాక, 1986లో అయింది, ఇవ్వాలనే అంటున్నారు. మతిలేనిదని తేలితే మాత్రం దాని వాటాకి గార్డియన్ని నేనే. మొగుడు కూడా లేడుగా."

"ఆవిడకి ఏమైనా..."

"శుభ్రంగా ఉంది, లెక్కలన్నీ నోటికే చెబుతుంది. పురిటి తర్వాత ఓసారి విశాఖలో చూపించిన చీటీ ఉంది. పాత వైద్యం ఒక్కటే చూపిస్తే 2017 మానసిక ఆరోగ్య చట్టం ఒప్పుకోదన్నాడు లాయరు." పెద్దాయన సంచి ఒళ్లోకి లాక్కుని గొంతు తగ్గించాడు. "ఇవాళ్టి తేదీతో రాసిచ్చే డాక్టరు ఎవరైనా తెలుసా బాబూ?"