వేలెత్తే మనిషి యాడికి పోయినాడు?

వికెట్టు పడితే ఎగిరి గంతేసేదానికి కూడా ఇప్పుడు ఆగాల్సి వస్తాంది. బౌలరు చేతులు చాపి అరుస్తాడు, అంపైరు వేలెత్తుతాడు, మనం కుర్చీలో నుంచి లేస్తాం. అంతలోనే పక్కన కూర్చున్న మనవడు "ఆగు తాతా, రివ్యూ అడిగినాడు" అంటాడు. ఇంగ అంతే. ముందుకాలు గీత దాటిందా అని చూస్తారు. బ్యాటుకు తగిలిందా అని తెర కింద గీతలు చూస్తారు. ఆ తర్వాత వికెట్ల బొమ్మ వేసి బంతి బాట గీస్తారు. చివరికి పెద్ద తెర మీద ఔట్ అని పడేసరికి మన సంతోషం సగం చల్లారి ఉంటాది. వికెట్టు పడేది ఒకప్పుడు, మనం అరిచేది ఇంకొకప్పుడు. ఇదేం ఆటప్పా?

2025లో ఉగాది మార్చి 30న వచ్చింది. పచ్చడి తిని, పంచాంగం విని, మధ్యాహ్నానికి దొర్నిపాడులో మా వీధి పిల్లోళ్లంతా మా ఇంట్లో టీవీ ముందర చేరినారు. విశాఖపట్నంలో మన సన్‌రైజర్స్‌కు, ఢిల్లీకి మ్యాచ్. వారం ముందు, మార్చి 23న, ఉప్పల్‌లో రాజస్థాన్ మీద ఇదే జట్టు 286 కొట్టింది. ఇషాన్ కిషన్ వంద దాటినాడు, పాపం జోఫ్రా ఆర్చర్ నాలుగు ఓవర్లకు 76 ఇచ్చుకున్నాడు. మూడొందలు ఏ రోజు కొడతారా అని పిల్లోళ్లు అప్పుడే లెక్కలేసుకున్నారు. ఉగాదినాడేమో స్టార్క్ ఐదు వికెట్లు తీసి 163కే ఆలౌట్ చేసి పంపించినాడు. సీజను మొదట్లో జట్లు ఇట్ల పైకీ కిందికీ ఊగడం నాకు కొత్త కాదు, దానికి నా గొణుగుడు లేదు. నన్ను బాధపెట్టింది పిల్లోళ్ల చూపు. ఒక్కడి కన్ను కూడా అంపైరు మీద లేదు. అప్పీలు చేసిన మరుక్షణం అందరూ చూసేది కెప్టెను చేతుల్ని, 'టీ' గుర్తు పెడతాడా పెట్టడా అని. తెల్ల టోపీ పెట్టుకుని ఎండలో నిలబడిన ఆ మనిషి ఏమన్నాడో వాళ్లకు అక్కరే లేదు.

మా రోజుల్లో అంపైరు అంటే ఏందో ఈ పిల్లోళ్లకు ఎట్ల చెప్పేది!

శనగ పీకినాక మా నల్లరేగడి చేలన్నీ ఖాళీ. రోలరు లేదు, మ్యాటు లేదు. బండ్లబాట పక్కన కొంచెం గట్టిగా ఉన్న చోటు చూసుకుని, కంది కట్టెలు నాటి వికెట్లు అనుకునేవాళ్లం. బ్యాటు వడ్లాయనతో చెక్కించినది. కార్కు బంతికి తలా ఇంత వేసుకుని ఆళ్లగడ్డకో కోయిలకుంట్లకో పోయి తెచ్చుకునేవాళ్లం. ఫాల్గుణం దాటితే నేల నెర్రెలిస్తాది. నెర్రెలో పడిన బంతి యాడికి పోతాదో వేసినోడికీ తెలీదు, కొట్టేవాడికీ తెలీదు. మా ఆటలో ఎల్బీ లేదు. బ్యాటింగు చేసే జట్టులోనుంచే ఒకడు అంపైరుగా నిలబడేది, వాడు తన జట్టోడికి కాళ్లకు తగిలిందని ఔటిస్తాడా? అందుకే కాళ్లకు తగిలితే ఆట సాగిపోయేది. మిగతావాటికి మాత్రం అంపైరు మాటే మాట. ఎవడన్నా తొండి చేసినాడని తెలిస్తే వాణ్ణి వారం రోజులు ఆటకు రానిచ్చేది లేదు. తొండోడు అనే పేరు ఒకసారి పడితే పెండ్లి అయినా పోదు.

పక్క ఊళ్ల మీద ఆడేటప్పుడు సంగతి వేరే. క్రిష్టిపాడు మీద ఆడినా, చాకరాజువేముల మీద ఆడినా, రెండు ఊళ్లకూ నమ్మకమైన మనిషి అంపైరుగా నిలబడాల. మా అదృష్టానికి బడి అయ్యవారు ఒకాయన ఉండేవాడు. పంచె పైకి కట్టుకుని, గొడుగు పట్టుకుని నిలబడేవాడు. ఆయన వేలు లేపితే పోవాల్సిందే. ఒక ఏడు ఆఖరు మ్యాచిలో మాకు రెండు పరుగులు కావాల. క్రీజులో ఉండింది ఆ అయ్యవారి సొంత బావమరిదే. రెండో పరుగుకు ఉరికినాడు, బంతి వచ్చింది, కట్టెలు పడినాయి. దుమ్ము లేచింది, ఎవరికీ ఏమీ కనపడలేదు. అయ్యవారు ఒక్క నిమిషం కూడా ఆలోచించలేదు. వేలెత్తినాడు. మేం ఓడిపోయినాం.

ఇంట్లో గొడవ అయ్యింది. చెల్లెలి మొగుడు కాదు గదా, పెండ్లాం తమ్ముడు మరి! మర్నాడు పొద్దున ఇద్దరూ కేసీ కాలువ కింద మడవ కాడ ఎదురుపడినారు. ఇద్దరి మళ్లూ పక్కపక్కనే, నీళ్ల వంతు ఒకరి తర్వాత ఒకరిది. "నేను చేరినా బావా" అన్నాడు బావమరిది. "చేరలేదబ్బీ" అన్నాడు అయ్యవారు. అంతే, మడవ తిప్పుకుని ఎవరి మడికి వాళ్లు నీళ్లు కట్టుకున్నారు. ఆ తర్వాత ఎన్నేండ్లో, సంక్రాంతికి కలిసినా తిరునాళ్లలో కలిసినా అదే మాట. చేరినా అని ఒకరు, చేరలేదని ఇంకొకరు. ఊరు కూడా రెండుగా చీలి వాదించుకునేది.

నేను ఈ సంగతి ఎందుకు చెప్తాండానంటే, ఆ అయ్యవారు వేలెత్తిన తర్వాత కూడా ఆ ఊళ్లోనే బతకాల. ఔటిచ్చినోడి మొగం రోజూ చూడాల, వాడి మళ్లో నుంచి వచ్చే నీళ్లతో పైరు పండించుకోవాల. అంత ఉండి కూడా తను చూసిందే చెప్పినాడు. అందుకే ఆయన తీర్పుకు బరువు ఉండేది. కెమెరాకు ఏముంది? దానికి బావమరిది లేడు, మడవ లేదు, మర్నాడు లేదు. అది ఎవరిని ఔటిచ్చినా దానికి పోయేదేమీ లేదు.

యంత్రం వచ్చింది ఊరికే కాదని నాకూ తెలుసు. అన్యాయాలు తక్కువ జరగలేదు. సొంత దేశం అంపైర్లు సొంతోళ్లకే ఇస్తాండారని ప్రపంచమంతా గొడవ పడినప్పుడు, 1986లో పాకిస్తాన్ కెప్టెన్ ఇమ్రాన్ ఖాన్ పట్టుబట్టి వెస్టిండీస్‌తో లాహోర్ టెస్టుకు మన దేశం నుంచి ఇద్దరిని పిలిపించుకున్నాడు. ఒకాయన పిలూ రిపోర్టర్, ఇంకొకాయన మన హైదరాబాదు వీకే రామస్వామి. పాకిస్తాన్ గడ్డ మీద మనోళ్లు ఇద్దరు తెల్లకోటు వేసుకుని నిలబడి ఆట నడిపించినారు, అదీ మనిషి మీద నమ్మకమంటే. ఆ నమ్మకాన్ని పెంచుకుంటా పోవాల్సింది. అట్ల కాకుండా 1992 నవంబరులో డర్బన్‌లో మన సచినే మొదట దొరికినాడు. జాంటీ రోడ్స్ బంతి విసిరితే, కింద ఉన్న అంపైరు తేల్చుకోలేక పైన టీవీ ముందర కూర్చున్నాయన్ను అడిగినాడు. క్రికెట్టులో టీవీ చూసి ఔటిచ్చిన మొదటి రనౌట్ అదే. రనౌట్ వరకు నేను కాదనను. కంటికి అందని వేగం అది.

ఎల్బీల్లో, క్యాచుల్లో కూడా అంపైర్ల తప్పులు చూసినాం. 1999లో అడిలైడ్‌లో మెక్‌గ్రాత్ బంతికి సచిన్ కిందికి వంగితే భుజానికి తగిలింది, ఎల్బీ ఇచ్చేసినారు. 2008లో సిడ్నీలో సైమండ్స్ బ్యాటుకు తగిలిన చప్పుడు టీవీలో మాకే వినపడింది, అంపైరుకు వినపడలేదు. అదే మ్యాచిలో ద్రావిడ్‌కు తగలనిదానికి ఔటిచ్చినారు. ఆ రోజు నేను అన్నం తినలేదు. ఆ ఏడే జులైలో శ్రీలంకలో మనోళ్లు ఆడిన టెస్టుల్లోనే రివ్యూ పద్ధతిని మొదటిసారి పరీక్షకు పెట్టినారు. మన బోర్డు ఏండ్ల తరబడి ఒప్పుకోలేదు, 2016లో ఇంగ్లండు వచ్చినప్పుడు గానీ తలూపలేదు. ఐపీఎల్‌కు 2018లో వచ్చింది. మొదట ఎల్బీకి, క్యాచికి అన్నారు. 2023లో వైడుకు, నోబాలుకు కూడా అన్నారు. తల మీదుగా పోయే బంతి ఎత్తు కూడా ఇప్పుడు యంత్రమే కొలుస్తాంది. వైడ్ ఇచ్చేదానికి కూడా మనిషి పనికిరాడా?

2024 ఏప్రిల్‌లో ఈడెన్ గార్డెన్స్‌లో విరాట్ కోహ్లీకి హర్షిత్ రాణా నడుం ఎత్తున ఫుల్‌టాస్ వేసినాడు, కోహ్లీ క్యాచ్ ఇచ్చినాడు. నోబాల్ అని కోహ్లీ రివ్యూ అడిగినాడు. యంత్రం ఏం చెప్పిందంటే, కోహ్లీ నడుం ఎత్తు 1.04 మీటర్లు, బంతి క్రీజు కాడికి వచ్చేసరికి 0.92 మీటర్లు ఉంటాది, కాబట్టి ఔటంట. సీజను ముందరే ఒక్కొక్క ఆటగాడి నడుం ఎత్తు, టైలరు కొలత తీసుకున్నట్ల, తీసి పెట్టుకున్నారు. బ్యాట్స్‌మన్ క్రీజు బయట నిలబడి ఆడినాడు. క్రీజు దగ్గరికి వచ్చుంటే ఎంత ఉండేదో లెక్కేసి చెప్పినారు. ఆయన రుసరుసలాడుతా పోయినాడు, మ్యాచ్ ఫీజులో సగం కోసినారు, బెంగళూరు ఒక్క పరుగుతో ఓడింది. లెక్క తప్పని నేను అనను. అయినా ఆ కోపాన్ని ఎవరి మీద చూపాల? అంపైరు తప్పు చేస్తే వాదించొచ్చు, సాయంత్రానికి క్షమించొచ్చు. అంకెతో ఏం మాట్లాడతాం?

ఎల్బీ బాట కూడా అంతే. ప్యాడుకు తగిలిన తర్వాత బంతి ముందుకు పోనే పోలేదు. పోయుంటే ఇట్ల పోయేదని యంత్రం అంచనా వేసి గీస్తాది. మా నెర్రెల నేల మీద అది గీసి చూపియ్యమనండి! బంతిలో సగం కంటే తక్కువ వికెట్టుకు తగిలేటట్లుంటే 'అంపైర్స్ కాల్' అని మొదట మనిషి చెప్పిన మాటనే ఉంచుతారు. అంటే గట్టి సందేహం వచ్చిన చోట యంత్రం కూడా మనిషి కాడికే వస్తాంది. అట్లాంటప్పుడు ఆ మనిషిని ఇంత చులకన చేసేది ఎందుకు?

ఇది మన ఆటకే పట్టిన జాడ్యం కాదు. అమెరికాలో ఉన్న మా తమ్ముడి కొడుకు బేస్‌బాల్ చూస్తాడు. అక్కడ కూడా క్యాచర్ వెనకాల నిలబడిన అంపైరు 'స్ట్రైక్' అంటే స్ట్రైకే, నూరేండ్లకు పైగా అదే. పెద్ద లీగులో 2026 సీజను నుంచి ఆ మాటను కూడా ఎదిరించొచ్చని పెట్టినారంట. బ్యాటరో, పిచ్చరో, క్యాచరో నెత్తి మీద తట్టుకుంటే కెమెరాలు తేలుస్తాయి. ఆటగాడి ఎత్తులో పైన 53.5 శాతం, కింద 27 శాతం కాడ గీత. జట్టుకు రెండు అవకాశాలు. "చాలా న్యాయంగా ఉంటాది పెదనాయనా" అంటాడు వాడు. వింబుల్డన్‌లో 147 ఏండ్లుగా గీతల కాడ నిలబడిన మనుషుల్ని 2025లో ఇంటికి పంపించినారు. అదే ఏడు ఒక మ్యాచి మధ్యలో యంత్రాన్ని ఎవరో పొరపాటున ఆపేస్తే, బయట పడిన బంతిని బయట అని చెప్పే నాథుడే లేడు.

నాకు అన్నిటికంటే గుచ్చుకున్నది ఉప్పల్‌లో జరిగింది. 2025 ఏప్రిల్ 23న ముంబై మ్యాచి. దీపక్ చాహర్ వేసిన బంతి లెగ్ సైడు కీపరు చేతుల్లోకి పోయింది. ముంబైవాళ్లు గట్టిగా అడగను కూడా లేదు. ఇషాన్ కిషన్ తనంతట తనే నడిచి పోతా ఉన్నాడు. అది చూసి అంపైరు వేలెత్తినాడు. తర్వాత టీవీలో చూస్తే బ్యాటుకు తగిలిన ఆనవాలే లేదు. ఆటగాడికి తన బ్యాటు సంగతి తెలీలేదు, అంపైరు ఆటగాణ్ణి చూసి ఔటిచ్చినాడు. ఎప్పుడూ తెర చెప్తాదిలే అని అలవాటు పడితే మనిషికి తన చేతి మీద, తన కంటి మీద నమ్మకం ఇట్లనే సడలిపోతాది.

దీని పక్కన 1980 ఫిబ్రవరి బొంబాయి టెస్టు పెట్టి చూడండి. ఇంగ్లండు 58కి ఐదు వికెట్లు పోగొట్టుకుని ఉండింది. కీపర్ బాబ్ టేలర్‌ను అంపైరు ఔటిచ్చినాడు. తగల్లేదని టేలర్ మొగంలో కనపడింది. మన కెప్టెన్ గుండప్ప విశ్వనాథ్ స్లిప్పులో నుంచి వచ్చి, అంపైరుతో మాట్లాడి, టేలర్‌ను వెనక్కి పిలిపించినాడు. ఆ టేలరే బోథమ్‌తో కలిసి 171 పరుగులు జోడించినాడు, మనం పది వికెట్లతో ఓడినాం. అయినా ఈ రోజుకూ విశీ పేరు చెప్తే చెయ్యెత్తి దండం పెడతారు. 2003 ప్రపంచకప్పు సెమీఫైనల్లో గిల్‌క్రిస్ట్ అంపైరు నాటౌట్ అన్నా తలొంచుకుని పోయినాడు. ఆటగాడే రివ్యూ, ఆటగాడే తీర్పు. దానికి కెమెరా అక్కర్లేదు.

నన్ను అడిగితే రనౌట్, స్టంపింగ్, ముందుకాలు నోబాల్, ఈ మూడూ యంత్రానికి ఇచ్చేయండి. 2025 ఏప్రిల్ 12న పంజాబ్ మీద సన్‌రైజర్స్ 246 తరుముతా ఉన్నప్పుడు అభిషేక్ శర్మ క్యాచ్ ఇచ్చినాడు, అది నోబాల్ అయ్యింది. ఆ పిల్లోడు 55 బంతుల్లో 141 కొట్టి గెలిపించినాడు. ఆ గీత చూసే పని అంపైరు నెత్తిన లేకుంటే ఆయన కన్ను బంతి మీద నిలుస్తాది, మంచిదే. ఎల్బీ, క్యాచ్, వైడ్ మాత్రం మనిషికి వదిలేయండి. తప్పు చేస్తే చేయనీండి. మంచి అంపైరును పెంచండి, మంచి జీతమివ్వండి.

ఇప్పుడు మా ఊరి పిల్లోళ్లు వచ్చే సంక్రాంతి టోర్నమెంటుకు బౌండరీ కాడ రెండు సెల్‌ఫోన్లు కట్టి, స్లో మోషన్‌లో రివ్యూ ఇస్తామంటాండారు. జట్టుకు ఒకటంట. నన్ను పెద్దమనిషిగా కూర్చోబెట్టి బహుమతి ఇప్పించాలని వాళ్ల కోరిక. ఫోను రివ్యూ పెడితే నేను రానని చెప్పేసినా. పెట్టకపోతే బహుమతి డబ్బులు నేనే ఇస్తా, గొడుగు పట్టుకుని మొదటి మ్యాచికి అంపైరుగా కూడా నేనే నిలబడతా. రెండురోజుల్లో ఆలోచించుకుని చెప్తాం తాతా అన్నారు.