పొట్టి వరుడు, పొడుగు వధువు

ఇంటి వెనక నాలుగు బోనులు పెట్టుకుని కూర కోసం కుందేళ్లు పెంచేవాళ్లకు పెద్ద జాతినీ చిన్న జాతినీ కలిపి చూడాలన్న ఆలోచన ఏదో ఒక రోజు పుట్టి తీరుతుంది. దాని వెనక లెక్క ముచ్చటగా ఉంటుంది. పెద్దదానికి మాంసం ఎక్కువ, చిన్నదానికి మేత తక్కువ. రెండూ కలిస్తే పుట్టేది కొంచెం తిని కొండంత పెరుగుతుంది. కొండంత తిని కొంచెమే పెరిగే వీలు కూడా ఆ కలయికలోనే ఉందన్న సంగతి లెక్క వేసేవాడికి ఆ పూట తట్టదు.

ఈ సరదా బాగా ముదిరింది అమెరికాలో. అక్కడి పెరళ్లలో ఒక కొసన ఫ్లెమిష్ జయంట్ ఉంటుంది, 6 కిలోలు దాటిన భారీకాయం. మరో కొసన నెదర్లాండ్ డ్వార్ఫ్, కిలో తూగితే గొప్ప. మధ్యలో 4 నుంచి 5 కిలోల న్యూజీలాండ్ వైట్, దానికి కాస్త అటూ ఇటూగా కాలిఫోర్నియన్. న్యూజీలాండ్ వైట్‌కు న్యూజీలాండ్‌తో ఏ చుట్టరికమూ లేదు, అమెరికాలోనే తయారైంది. బెల్జియన్ హేర్ కూడా పేరుకే చెవులపిల్లి, పుట్టుకకు కుందేలే. 1900 ప్రాంతంలో లాస్ ఏంజెలెస్ జనానికి దాని పిచ్చి పట్టి, మేలైన మగదానికి వందల డాలర్లు పోశారు. మాంసం మాటతో మొదలైన బేరం పిల్లల్ని ఒకరికొకరు అమ్ముకోవడంతోనే సరిపోయింది. అంత ఖరీదైనదాన్ని పొయ్యి మీదికి ఎక్కించే ధైర్యం ఎవరికుంటుంది?

పెద్దనూ చిన్ననూ కలిపితే ఏమవుతుందో శాస్త్రజ్ఞులు వందేళ్ల కిందే తూచి చూశారు. హార్వర్డ్‌లో విలియం కాసిల్ 1909లో కుందేళ్ల సైజు మీద ప్రయోగాల ఫలితాలు అచ్చువేశాడు. జన్యువుల లెక్కకు బడిపిల్లల చేత నేటికీ గళ్లు గీయిస్తున్న పనెట్ కేంబ్రిడ్జ్‌లో 1918లో వాటి బరువు మీద పడ్డాడు. బొచ్చు రంగయితే నాలుగు గళ్లలో తేలిపోతుంది. బరువు అలా లొంగదు. అందులో చాలా జన్యువులు తలా ఒక చెయ్యి వేస్తాయి. అందుకే తొలి తరం పిల్లలు అమ్మానాన్నల బరువులకు నడుమ ఎక్కడో ఆగుతాయి, ఒకదానికొకటి చాలావరకు పోలి ఉంటాయి. వాటిని మళ్లీ వాటిలోనే జతకట్టిస్తే మాత్రం ఒకే ఈతలో బక్కవీ బండవీ అన్నీ దిగుతాయి. తొలి తరాన్ని కూర వండుకోవడమే తెలివి. వంశం నడపాలనుకోవడం దురాశ.

మరుగుజ్జు జాతులకు ఇంకో మెలిక ఉంది. నెదర్లాండ్ డ్వార్ఫ్ పొట్టితనానికి ముఖ్య కారణం ఒకే ఒక జన్యువు, హెచ్ఎంజీఏ2. దానిలో ఒక ముక్క ఊడిపోయిందని 2017లో బయటపడింది. ఆ లోపం ఒక్కరి వైపు నుంచి వస్తే పిల్ల పొట్టిదవుతుంది. ఇద్దరి నుంచీ వస్తే పుట్టిన కొద్ది రోజుల్లోనే పోతుంది. పెద్ద జాతితో కలిపినప్పుడు ఆ చావుల భయం ఉండదు గానీ, సగటున సగం పిల్లలకు పొట్టితనం అంటుతుంది. తూకం వేసేటప్పుడు రెండు ఈతల పిల్లలు కలిసిపోయాయేమోనని యజమాని బోనులు తిరిగి లెక్కపెట్టుకోవలసి వస్తుంది.

ఇక ఎవరు ఎవరికి అన్నది అసలు పేచీ. కేంబ్రిడ్జ్‌లోనే వాల్టన్, హామండ్ అనే ఇద్దరు 1938లో షైర్ గుర్రాలనూ షెట్లాండ్ పొట్టి గుర్రాలనూ కృత్రిమ గర్భధారణతో రెండు వైపులా కలిపి చూశారు. పెద్ద తల్లికి పుట్టిన పిల్లలు పొట్టి తల్లికి పుట్టినవాటికి దాదాపు మూడింతలు తూగాయి. పిల్ల ఎంత పెరగాలో తల్లి కడుపే చాలావరకు తేలుస్తుందన్నమాట. కుందేళ్లలోనూ తల్లిదే పైచేయి. చిన్న జాతి ఆడది ఈతకు రెండు నుంచి నాలుగు పిల్లల్ని వేస్తుంది, పెద్దది ఎనిమిదింటిని సునాయాసంగా వేస్తుంది. చిన్నదానికి పెద్ద మగదాన్ని కడితే కడుపులో ఉన్న ఒకటి రెండు పిల్లలూ బలిసి, ఈనేటప్పుడు ప్రాణాల మీదికి రావచ్చు. కాబట్టి వధువు పొడుగుది, వరుడు పొట్టివాడు.

సంబంధం ఇలా కుదిరాక పెళ్లికి ఒకటే అడ్డంకి: వరుడికి వధువు అందదు. కిలో మగది ఆరు కిలోల ఆడదాని వీపెక్కేలోగా ఆమెకు విసుగొచ్చి మేత తినడం మొదలుపెడుతుంది. సగానికి సగం తేడా వరకు ఎలాగో నెగ్గుకు రావచ్చు. అంతకు మించితే యజమాని ఆడదాన్ని పట్టుకుని నిలబెట్టాలి. ఎప్పుడైనా ఆడదాన్నే మగదాని బోనులోకి తీసుకెళ్లాలి. తన ఇంటికొచ్చిన అల్లుణ్ని ఆమె కరిచి పంపుతుంది. తంతు నిమిషం పట్టదు. వరుడు ఒక్క కూత కూసి పక్కకు ఒరిగిపోతాడు. చచ్చాడనుకుని కంగారు పడనక్కర్లేదు, అది పని పూర్తయిందనడానికి గుర్తు. అండం విడుదలయ్యేది ఆ తర్వాతే, సుమారు పది గంటలకు. 31 రోజులకు ఈత.

పెద్ద జాతి మీది మోజుకు మాత్రం ఓ పరిమితి ఉండాలి. జయంట్ పిల్ల పది వారాల్లో ఎముక పెంచినంతగా కండ పెంచదు. ఈడుకు రావడానికి ఎనిమిది నెలలు తీసుకుంటుంది. బరువుకు తీగల నేల మీద పాదాలు పుండ్లు పడతాయి. మేత సంగతి చెప్పనే అక్కర్లేదు. 2007 మొదట్లో ఉత్తర కొరియా, తిండికొరత తీరుతుందని జర్మనీ నుంచి 12 గ్రే జయంట్లను తెప్పించుకుంది. ఒక్కొక్కటి పది కిలోలకు పెరిగే రకం. పెంపకం నేర్పడానికి అమ్మినాయన ప్రయాణం కట్టుకుంటే రానక్కర్లేదని కబురొచ్చింది. దేశాధినేత పుట్టినరోజు విందులో అవి వడ్డనైపోయాయని ఆయన అనుమానం. అదేమీ లేదని కొరియా అధికారి జవాబు. మేత ఖర్చు చూసినవాళ్లకు మాత్రం ఆ అనుమానం సబబుగానే తోస్తుంది.

మాంసానికి కోసేది కుందేలు పూర్తి బరువులో సగానికి చేరినప్పుడు. ఆ తర్వాత తిన్న మేతకు తగ్గ ఫలం రాదు. నాలుగున్నర కిలోల జాతి పది, పన్నెండు వారాల్లో రెండు కిలోలు దాటుతుంది, తోలూ పేగులూ తీశాక అందులో సుమారు సగం చట్టిలోకి వస్తుంది. పెరిగితే మూడు కిలోలే తూగే సంకర పిల్లనుంచి ముప్పావు కిలో. తాను పెంచిన కుందేలుకు మూడే కాళ్లని పంతం పట్టేవాడికి అందులోనూ ఒక కాలు తరుగు. అందుకే అనుభవమున్నవాళ్లు అటు కొసనూ ఇటు కొసనూ వదిలేసి న్యూజీలాండ్ వైట్ ఆడదానికి కాలిఫోర్నియన్ మగదాన్ని కడతారు. జాతులు వేరైనందువల్ల సంకర బలం దక్కుతుంది, కానీ నిచ్చెన అవసరం రాదు.

మన దేశంలో పెద్ద జాతులు కావలసినవాళ్లు నీలగిరుల్లోని శాండినల్లా ప్రభుత్వ కేంద్రం వైపు చూస్తారు. సోవియట్ చించిల్లా, వైట్ జయంట్ అక్కడ పెరిగినవే. మన చేలల్లో తిరిగే చెవులపిల్లిని వీటితో కలిపితే సరిపోదా అని అడిగేవాళ్లు ఉండనే ఉంటారు. కుదరదు. కుందేలుకు 44 క్రోమోజోములు, చెవులపిల్లికి 48; పిల్లలు పుట్టవు. పైగా దాన్ని పట్టడమే 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం.