నానమ్మ గో అంది

కొరియా సీరియళ్ళు లోకమంతా హీరో కోసం చూస్తుంది. మా అమ్మ పేకాట కోసం చూస్తుంది. హీరోయిన్ వానలో తడిసి ముద్దవుతున్నా ఆవిడ తలెత్తదు, పప్పులో రాళ్ళేరుకుంటూ ఉంటుంది. తెర మీద ఊళ్ళో ముసలమ్మలు దుప్పటి పరుచుకుని కూర్చున్నారా, చేట పక్కకు పోతుంది. "ఆపవే, ఏ ముక్క పడిందో చూడనీ" అంటూ మా అమ్మాయి ప్రాణం తీస్తుంది.

మా ఇల్లు పంజాగుట్ట. అమ్మాయి కోర్సు అమీర్‌పేట. మైత్రీవనం చుట్టుపక్కల లేడీస్ హాస్టళ్ళలో పగలు జావా, రాత్రి కొరియా. స్నేహితురాళ్ళ దగ్గర తగిలించుకున్న ఈ జబ్బును మెట్రోలో ఒక్క స్టేషను దూరం మోసుకొచ్చి మా హాల్లో దించింది. సీరియళ్ళతో ఆగకుండా ఆన్‌లైన్‌లో పేక కూడా తెప్పించింది.

దాని పేరు హ్వాటు. అరచేతిలో దాగిపోయే ప్లాస్టిక్ ముక్కలు, వీపంతా ఎరుపు. ఇస్పేటు లేదు, ఆఠీను లేదు, రాజూ రాణీ అసలే లేరు. పన్నెండు నెలలు, నెలకు నాలుగు చొప్పున 48 ముక్కలు. జనవరికి పైన్ చెట్టు, ఫిబ్రవరికి పూసిన ప్లమ్ కొమ్మ, ఆగస్టుకి నిండు చందమామ. ఈ ముక్కలు జపాన్ నుంచి కొరియా చేరాయి. 1889లో క్యోటోలో నింటెండో పుట్టింది వీటిని తయారుచేయడానికే. మారియో ఎగరడం నేర్చుకున్నది ఆ తర్వాత చాలా కాలానికి.

అమ్మ ముక్కలన్నీ పరిచి, పంచాంగం చూసే కళ్ళతో చూసింది. "పన్నెండు నెలలూ ఉన్నాయి సరే, అధికమాసం ఏదే?"

పెట్టెలో అదనంగా వచ్చిన జోకర్లను అమ్మాయి చూపించింది. అమ్మ తృప్తిపడింది. ఆ రోజు నుంచి మా ఇంట్లో జోకరు పేరు అధికమాసం.

ముగ్గురు ఆడితే తలా ఏడు ముక్కలు, నేల మీద ఆరు. నేల మీద ఉన్న నెలకు మన చేతిలోని అదే నెలను టప్పుమని కొట్టి రెండూ లాక్కోవాలి. కొట్టేది దుప్పటి మీద. ఫిబ్రవరి, ఏప్రిల్, ఆగస్టు ముక్కల్లోని అయిదు పిట్టలూ చేతికొస్తే అయిదు పాయింట్లు. జనవరి కొంగకు మాత్రం ఈ లెక్కలో చోటు లేదు. "కొంగ పిట్ట కాదుటే?" అన్న ప్రశ్నకు మా ఇంట్లో ఇంకా జవాబు దొరకలేదు.

'మినారి' సినిమాలో మనవడికి ఈ ఆట నేర్పే అమ్మమ్మగా వేసినందుకు యూన్ యో-జంగ్‌కి 2021లో ఆస్కార్ వచ్చింది. అది నటనకు కాదు, ముక్క విసిరిన తీరుకు ఇచ్చారని అమ్మ వాదన. రమ్మీ నైపుణ్యంతో ఆడేదని మన సికింద్రాబాద్‌లోని ఒక క్లబ్బు కేసులో సుప్రీంకోర్టే తేల్చింది కాబట్టి, ముక్కల విషయంలో తన మాటకు తిరుగులేదని ఆవిడ నమ్మకం.

అసలు కిటుకు మూడు పాయింట్ల దగ్గర ఉంది. మూడు వచ్చాక స్టాప్ అని డబ్బు పుచ్చుకోవచ్చు, గో అని ఇంకా ఆడవచ్చు. మూడుసార్లు గో అంటే వచ్చేది రెట్టింపు. అత్యాశకు పోయాక ఇంకొకరు ముందు కొట్టేస్తే, మన బాకీతో పాటు ఓడిన రెండోవాడి బాకీ కూడా మనమే కట్టాలి. అమీర్‌పేటంతా ఈ ఆటే కదా! జావా అయింది, గో. టెస్టింగ్ అయింది, గో. తర్వాత క్లౌడు, ఆ తర్వాత ఏఐ. స్టాప్ అన్నవాణ్ణి నేనైతే చూడలేదు, బాకీ కట్టే తండ్రుల్ని మాత్రం చాలామందిని చూశాను.

మొన్న ఆదివారం చింతపిక్కలు పందెం. అమ్మకు మూడు పాయింట్లు పడ్డాయి. నేను కళ్ళతో వద్దన్నాను. "గో" అంది. మరుక్షణం మనవరాలు చందమామను టప్పుమని కొట్టింది. అమ్మ తన పిక్కలు లెక్కపెట్టి ఇచ్చి, నావీ లెక్కపెట్టింది.

"నీ ఇంజనీరింగ్ ఫీజు కట్టాను, స్కూటర్ వాయిదాలు కట్టాను, ఇదీ కట్టకపోతే ఎలారా" అని ముక్కలు కలిపింది. "పంచవే."