శిశిర గ్యారేజీ పద్యం: టీకా తాత్పర్య సహితం

అవతారిక

మినియాపొలిస్‌లో కాపురమున్న తెలుగు గృహస్థు ఒకడు కారును మంచుకు వదిలేసి, గ్యారేజీలో టేబుల్ సా, డ్రిల్ ప్రెస్ ప్రతిష్ఠించాడు. ఆ ఊరి జనవరి సామాన్యమైనది కాదు. 2019 జనవరి 30న అక్కడ మైనస్ 28 ఫారెన్‌హీట్, అనగా మైనస్ 33 సెల్సియస్ నమోదైంది. హీటరు పక్కనే నిలబడినా వేళ్లు కొంకర్లు పోతున్నాయని వాపోయిన ఆ గృహస్థుకు, అదే ఊళ్లో చాలా చలికాలాలు చూసిన మిత్రుడొకడు చేసిన హితబోధ ఇది. ఛందస్సు ఆటవెలది.

మూలం

సందు మూయకుండ సలుపు హీటరు పూజ
వీధి చలికి పెట్టు విందు గాదె
గోడ నడుమ దూది కూర్చి తలుపు మూసి
కొలిమి పెట్టువాడె కొయ్య గెలుచు

ప్రతిపదార్థం

సందు మూయకుండ = తలుపు కింద రబ్బరు పట్టీ చిరిగిన చోటు, కిటికీ చట్రం పక్క, స్విచ్ పెట్టె వెనక ఉన్న సందులు అలాగే ఉంచి; సలుపు = చేసెడి; హీటరు పూజ = హీటరు ముందు చేతులు చాచి నిలుచుట; వీధి చలికి = వాకిట కాచుకున్న చలికి; పెట్టు విందు గాదె = కరెంటు బిల్లు తాను కట్టి, భోజనం దానికి వడ్డించుటయే కదా; గోడ నడుమ = 16 అంగుళాలకొకటిగా నిలిపిన కర్రల మధ్య; దూది = ఫైబర్‌గ్లాస్; కూర్చి = పొందికగా అమర్చి; తలుపు మూసి = దీని సంగతి విశేషాలలో చూడుడు; కొలిమి = వెచ్చదనమిచ్చు సాధనమును; పెట్టువాడె = ఆ తర్వాతనే పెట్టుకొనువాడు; కొయ్య గెలుచు = వడ్రంగమున నెగ్గును.

తాత్పర్యం

ముందు సందులు, పిమ్మట గోడలు, ఆపైన తలుపు, చిట్టచివర హీటరు. ఈ వరుస తప్పినవాడు వేడిని కొంటాడు గాని అనుభవించడు.

విశేషాలు

‘కూరి’ అని పాఠాంతరం. అది ఛందస్సుకు సరిపోతుంది, గోడకు సరిపోదు. చలిని ఆపేది గాజు పీచు కాదు, పీచు నడుమ కదలక చిక్కుకున్న గాలి. మందపు దుప్పటిని సన్నని గోడలో కుక్కితే ఆ గాలి పోతుంది, డబ్బు దాని వెంటే పోతుంది. కనుక ‘కూర్చి’యే సాధు పాఠం. కూర్చిన పిమ్మట గదివైపున, అనగా వెచ్చనివైపున, ప్లాస్టిక్ షీటు పరచాలని సంప్రదాయం. లేకుంటే లోపలి తేమ దూదిలోకి చొరబడి, చల్లని చెక్కను తాకి నీరవుతుంది.

‘తలుపు మూసి’ అనడంలో పునరుక్తి ఉందని కొందరి ఆక్షేపణ. చలిలో తలుపు తెరచుకు కూర్చునేవాడెవడని వారి ప్రశ్న. వారు లెక్క వేసి ఉండరు. రెండు కార్లు పట్టే తలుపు 16 అడుగుల వెడల్పు, 7 అడుగుల ఎత్తు, అంటే 112 చదరపు అడుగులు. ఒంటి రేకు తలుపుకు చలినాపే శక్తి, అనగా ఆర్-వాల్యూ, దాదాపు 1. లోపల 50 ఫారెన్‌హీట్, బయట మైనస్ 20 అనుకుంటే తేడా 70. ఆ తలుపొక్కటే గంటకు 7,840 బీటీయూలు మింగుతుంది. మామూలు ప్లగ్గుకు తగిలించే 1,500 వాట్ల హీటరు ఇచ్చేది 5,100 చిల్లర. అదే కొలత గల గోడలో ఆర్-13 దూది ఉంటే పోయేది సుమారు 600. కాబట్టి రేకు తలుపు మూసినా తెరిచినట్టే లెక్క. దానికి లోపలివైపు ఫోమ్ పలకలు అతికించడమే కవి చెప్పిన మూయడం. అయితే తలుపు బరువెక్కుతుంది, స్ప్రింగు మళ్లీ సరిచేయించాలి.

‘కొలిమి’ అన్నాడు కదా అని నిప్పు రాజేయరాదు, గదిలో రంపపు పొడి ఉంది. పొగగొట్టం లేని ప్రొపేన్ హీటరు మరీ మోసకారి. కిలో ప్రొపేన్ మండితే కిలోన్నరకు పైగా నీరు ఆవిరిగా పుడుతుంది. అది చల్లని పోత ఇనుప బల్ల మీద మంచుబిందువులై తెల్లవారేసరికి తుప్పు ముగ్గేస్తుంది. కార్బన్ మోనాక్సైడ్ భయం వేరే. 240 వోల్టుల కరెంటు హీటరో, చలిదేశాలకై చేసిన మినీ స్ప్లిట్టో ఇక్కడ విహితం.

‘కొయ్య గెలుచు’ అన్నచోట కవి హృదయం దాగుంది. వెచ్చదనం మనిషికోసమైతే స్వెట్టరు చాలు. అసలు చలి పట్టేది జిగురుకు. వడ్రంగపు తెల్ల జిగురు, పచ్చ జిగురు చాలావాటికి 10 సెల్సియస్ చుట్టుపక్కల వేడి ఉండాలి. అంతకన్నా చల్లబడితే అతుకు సుద్దపొడిలా తెల్లబడి, బిగింపు తీయగానే విడిపోతుంది. గాలి వెచ్చబడితే చాలదు, చెక్క కూడా వెచ్చబడాలి. అందుకే పని మొదలెట్టే పొద్దున కాక, ముందు రాత్రే హీటరు వేయాలని పెద్దల మాట.

పూర్వపక్షం: ఇంత ఖర్చూ పెట్టి చేయబోయే స్టూలు దుకాణంలో ఇంతకంటే చవకగా దొరకదా అని ఇంటివారి ప్రశ్న.

సిద్ధాంతం: దొరుకును. కవి ‘కొయ్య గెలుచు’నన్నాడే గాని, వాదన గెలుచునని ఎక్కడా అనలేదు.